ఇరవై మూడు గీతల మోటారు

'మళ్ళీ మేస్త్రి' కుర్చీలో సగమే కూర్చుంటాడు. మిగతా సగం ఎప్పుడూ లేవడానికి సిద్ధంగా ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి దిగిపోయినా కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు లిఫ్టు బాగుచేసి పై అంతస్తు దాకా వెళ్లి వచ్చేవాడు. "మళ్ళీ ఒకసారి" అని ఇంకోసారి వెళ్లేవాడు. కింద జనం చేతుల్లో సంచులతో నిలబడి పళ్లు నూరుతుంటే మూడోసారి కూడా వెళ్లేవాడు. తోటివాళ్లు పెట్టిన 'మళ్ళీ మేస్త్రి' అన్న పేరు అలా స్థిరపడిపోయింది.

కొత్తలో ఒకసారే చూసి వదిలేసిన లిఫ్టు ఒకటి మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆగిపోయి, ఓ పెద్దాయన అందులో గంటన్నర చిక్కుకుపోయాడట. అప్పటి నుంచే తనకు ఈ అలవాటని మేస్త్రి చెప్పుకుంటాడు. ఆయన అక్క ఒప్పుకోదు. "వీడు ఆరేళ్లప్పుడే తింటూ తింటూ లేచి, చెప్పులు విప్పిన చోటే ఉన్నాయో లేదో చూసొచ్చేవాడు. పాపం, ఆ పెద్దాయన మీదకి నెట్టడమెందుకు?" అంటుంది.

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటారు. అక్క టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. బోర్డు మీద తీగలు పీకి, గుచ్చే ఆవిడ చేతివేగం చూస్తూ పక్క కుర్చీలవాళ్లు తమ పని మరిచిపోయేవారట. మూడేళ్లుగా ఆ చేతులే వణుకుతున్నాయి. మందులు కొంత తగ్గించాయి గానీ మాన్పలేదు. చెంచా నోటి దాకా వచ్చేసరికి అందులో సగం ఒళ్లో ఉంటుంది. అందుకని రోజూ తమ్ముడే తినిపిస్తాడు, వీధి తలుపు దగ్గరగా వేసి.

అప్పటి ఆపరేటర్లు పదకొండు మంది ఒక ఆదివారం మధ్యాహ్నం కలిసి భోంచెయ్యాలనుకున్నారు. కబురు వచ్చిన రోజు అక్క ఫోన్ పక్కన పెట్టేసి, "రానని చెప్పెయ్యరా," అంది. "ఈ చేతుల్ని చూసి కుళ్లుకున్నవాళ్ల ముందు కూర్చుని నీ చేత తినిపించుకోనా? పస్తుంటాను గానీ."

ఆ మాట మేస్త్రికి అరికాల్లో ముల్లులా దిగింది. ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది. రెండు గదుల్లో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చాడు.

"చెంచా ఎత్తిపెట్టే బొమ్మ చెయ్యి ఒకటి చేస్తాను. నీ అంతట నువ్వే తినొచ్చు. అప్పుడు వెళ్తావా?"

"అది పనిచేస్తే వెళ్తాను. చెయ్యకపోతే నాకు జ్వరమని చెప్పు. ఆ అబద్ధం కూడా మూడుసార్లు చెప్పకు, ఒకసారి చాలు."

పల్చటి చెక్కతో జానెడు చెయ్యి కోశాడు. అడుగున ఒకటి, భుజంలో ఒకటి, మోచేతిలో ఒకటి, మణికట్టులో ఒకటి, మొత్తం నాలుగు చిన్న సర్వో మోటార్లు కావాలి. సర్వో అంటే అగ్గిపెట్టెలో సగమంత ఉంటుంది. మామూలు మోటారులా గిర్రున తిరిగిపోదు. ఇంతవరకు వెళ్లి ఆగమంటే అంతవరకే వెళ్లి, అక్కడే పట్టు బిగించుకుని ఉంటుంది. అక్క అరచేత్తో పెద్ద మీట మీద ఒక్కటి కొడితే చాలు, చెంచా గిన్నెలో మునిగి, లేచి, నోటి ముందు ఆగుతుంది. అదీ ఊహ.

మోటార్లు అమ్మే దుకాణం మెట్ల కింద ఇరుకు గది. నడిపేది ఓ నడివయసు ఆవిడ. ముక్కు చివర కళ్లద్దాలు, వేళ్ల మీద సోల్డరింగ్ మచ్చలు.

"మిగతా మూడింటికీ ప్లాస్టిక్ గేర్లవి సరిపోతాయి బాబాయ్‌గారూ. భుజానికి మాత్రం లోహపు గేర్లది పెట్టండి. బరువంతా మోసేది అదే."

"మంచిదేదో తెలిసేదెలా?"

"చేత్తో మెల్లగా తిప్పండి, లోపల ఇసుక తగిలినట్టుంటే వద్దు. కరెంటిచ్చి నిలబెట్టండి, ఏ బరువూ లేకుండా కూడా గుయ్యిమంటుంటే వద్దు. తూచి చూడండి, తోటివాటికన్నా తేలికైతే లోపల రాగి దగ్గర కక్కుర్తి పడ్డారని లెక్క. రెండు నిమిషాలు పని చేయించండి, వేలు పెట్టలేనంత కాలితే తెచ్చి నా మొహాన కొట్టండి. అంతే."

"రెండు నిమిషాలేనా?"

"పుచ్చకాయను కొట్టి చూస్తాం గానీ, తినేసి కొనుక్కుంటామా?"

మేస్త్రి నవ్వలేదు. ప్లాస్టిక్‌వి మూడు, లోహపు గేర్లవి ఆరు తీసుకున్నాడు. ఆ ఆరింటిలో ఒకదానికి లేబులు వంకరగా అంటించి ఉంది. లేబులే తిన్నగా అంటించలేనివాడు లోపల గేర్లేం తిన్నగా పెడతాడని దాన్ని ముట్టుకోకుండా డ్రాయరులో పడేశాడు. మిగిలిన అయిదూ బాల్కనీలో బల్లకు బిగించాడు. ఒక్కోదాని చేతికి రెండేసి బోల్టులు వేలాడదీసి, దానంతటదే అటూ ఇటూ ఊపే టెస్టరుకు వంతులవారీగా తగిలించాడు. మోటారు గంట పనిచేస్తే దాని ఒంటి మీద పెన్సిలుతో ఒక గీత.

మూడు వారాలు ఆ ఇంట్లో కీచుకీచుమనే చప్పుడు ఆగలేదు. "ఎలకలు సంసారం పెట్టి పిల్లల్ని కన్నట్టుంది," అని అక్క విసుక్కుంది. మేస్త్రి తినిపిస్తూ తినిపిస్తూ చెంచా గిన్నెలో వదిలేసి బాల్కనీలోకి వెళ్లొచ్చేవాడు. ఒకటి గొణిగితే తీసేశాడు. ఒకటి వేడెక్కింది, తీసేశాడు. రెండింటికి గేర్ల పళ్లు వదులయ్యాయి. ఒక్కటి మాత్రం ఏ వంకా లేకుండా ఊగుతూనే ఉంది. తప్పు దొరికినవాటిని వదిలేసినంత తేలిగ్గా, తప్పు దొరకనిదాన్ని వదల్లేకపోయాడు. ఎక్కడో దాస్తోందనే అనుమానం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట, మళ్ళీ ఒకసారి. దాని మీద ఇరవై మూడు గీతలయ్యాక అప్పుడు నమ్మాడు.

శనివారం పొద్దున దాన్నే భుజంలో బిగించాడు. గిన్నెలో ఉడకబెట్టిన బఠానీలు పోశాడు. అక్క మీట మీద కొట్టింది. చెంచా మునిగింది, లేచింది, నోటి ముందు ఆగింది. ఆగి వణకడం మొదలుపెట్టింది. బఠానీలు ఒకటొకటిగా దూకి బల్ల మీదుగా దొర్లిపోయాయి.

అక్క వాటివంక చూసింది. "దీనికీ నా జబ్బే అంటించావు కదరా," అంది. నవ్వుతూనే అంది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని, "జ్వరమని చెప్పు. ఒకసారి చాలు," అంది.

మేస్త్రి వైర్లు మార్చాడు, బ్యాటరీలు మార్చాడు, మరలు విప్పి బిగించాడు. వణుకు పోలేదు. కాలుగాలిన పిల్లిలా గది చుట్టూ తిరిగి, మోటారు పీకి జేబులో వేసుకుని దుకాణానికి పరిగెత్తాడు. అక్కడికి వెళ్లాక చూసుకుంటే ఒక కాలికి మేజోడు లేదు.

దుకాణం ఆవిడ మోటారును దీపం కింద పెట్టి చూసింది. "ఈ గీతలేమిటి బాబాయ్‌గారూ?"

"గీతకో గంటమ్మా. ఇరవై మూడు గంటలు నడిపినా తొణకలేదు. తీరా బిగించాక ఇలా చేస్తోంది."

ఆవిడ కళ్లద్దాలు తీసి గల్లా మీద పెట్టింది. "గంటకు మూడు వేల ఊపులనుకుందాం. మీ అక్కగారు పూటకు పాతిక చెంచాలు తింటారా? రోజుకు యాభై. ఇరవై మూడు గంటలంటే... దాదాపు నాలుగేళ్ల భోజనం. అదంతా మీరే బాల్కనీలో పెట్టేశారు దీనికి."

మేస్త్రి మోటారును దగ్గరకు లాక్కుని గీతలు మళ్ళీ లెక్కపెట్టాడు.

"దీని కడుపులో నల్లటి దారి ఒకటుంటుంది. దాని మీద చిన్న రేకు జారుతూ, ఎక్కడిదాకా వచ్చామో మోటారుకు చెబుతుంటుంది. అస్తమానం ఒక్క చోటే రాపిడి పెడితే అక్కడ అరిగిపోతుంది. ఇక తానెక్కడుందో దానికే తెలీదు, వెతుక్కుంటూ వణుకుతుంది. మీరు దీన్ని పరీక్షించలేదండీ. వాడేశారు."

"ఇంకొకటివ్వు."

"లోహపువి అయిపోయాయి. బుధవారం వస్తాయి."

"రేపే కావాలమ్మా."

"మీరు చెయ్యి పెట్టనిది ఒక్కటైనా మిగిలిందా?"

చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. "ఒకటుంది. లేబులు వంకర."

"లేబులు బరువు మొయ్యదు కదా బాబాయ్‌గారూ. రెండు నిమిషాలు చూసి బిగించండి. మూడో నిమిషం వద్దు."

ఇంటికొచ్చి జరిగింది చెప్పేసరికి అక్క నవ్వాపుకోలేక దగ్గింది. తర్వాత కుర్చీ బల్ల దగ్గరకు లాక్కుని, గోడ గడియారానికి ఎదురుగా కూర్చుంది. వంకర లేబులు మోటారు ఊగడం మొదలుపెట్టింది. చల్లగానే ఉంది, గొణగడం లేదు. రెండు నిమిషాలు కాగానే అక్క వణికే చెయ్యి చాచి, మూడో ప్రయత్నానికి వైరు దొరకబుచ్చుకుని పీకేసింది.

"ఇంకొక్క నిమిషం అక్కా, లోపల ఏముందో..."

"ఏముందో రేపు తెలుస్తుంది. బిగించు."

బిగించాడు. ఈసారి బఠానీలు చెంచాలో కదలకుండా కూర్చున్నాయి. అక్క తినేసి, "మళ్ళీ" అన్న మాట ఆయన పెదాల మీదకి రాకముందే, "డబ్బాలో పెట్టి నా మంచం కిందకి తొయ్యి," అంది.

ఆదివారం వాళ్లు కలుసుకునేది ఒక మేడ మూడో అంతస్తు హాల్లో. మేస్త్రి బొమ్మ చేతిని బల్లకు బిగించాడు, మీట అక్క అరచేతి కింద పెట్టాడు. ఆ తర్వాత అక్కడే నిలబడిపోయాడు.

"ఇక వెళ్లు. నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే మెతుకు దిగదు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, లేచాడు. ఒక అంతస్తు దిగాడు, ఎక్కాడు. స్క్రూడ్రైవరు జేబులోనే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. తలుపు అవతల కుర్చీలు జరిగాయి, గిన్నెలు మోగాయి, పదకొండు గొంతులు ఒకేసారి మాట్లాడాయి. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సన్నటి కీచు వినిపించింది. లేచింది, సాగింది, ఆగిపోయింది. ఆగాక ఏమైంది? ఆయన చెయ్యి తలుపు పిడి మీదకి వెళ్లింది. రెండు నిమిషాలు మాత్రమే చూసిన మోటారు. రెండంటే రెండు.

లోపల ఎవరో, "ఏమే, ఇది ఎదురు చెప్పకుండా తినిపిస్తుందా? నాకూ ఒకటి చేయించి పెట్టవే," అన్నారు. నవ్వులు విరుచుకుపడ్డాయి. ఆ కీచు ఇక వినిపించలేదు. ఆడుతోందో ఆగిపోయిందో తెలిసే దారి లేదు. చాలాసేపటికి పిడి వదిలి, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

రెండు గంటలయ్యాక అక్క బయటికొచ్చింది. భుజం మీద సూపు మరక.

"ఏమిటా మరక? ఎక్కడ ఆగింది? భుజంలోనా?"

"ఎక్కడా ఆగలేదురా. పక్కదాన్ని నవ్వించాను, అది చేతిలో గిన్నె నా మీద ఒలకబోసింది. దానికే వణుకుందనుకున్నారు అందరూ."

"ఎన్ని చెంచాలు తిన్నావు?"

అక్క ఆలోచించింది. "ఏమో. కబుర్లలో పడ్డాను."

మేస్త్రి లోపలికి వెళ్లి బొమ్మ చేతిని విప్పి డబ్బాలో పెట్టుకొచ్చాడు. డబ్బా చంకలో పెట్టుకుని లిఫ్టు మీట నొక్కాడు. దీపం వెలిగింది. అక్క వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యి ఊపుతున్నప్పుడు, మళ్ళీ ఒకసారి నొక్కాడు.