బ్లూటూత్‌తో తీర్చుకున్న పగ

అమలాపురంలో నేను ఫోటోల షాపు పెట్టిన కొత్త. పక్క షాపు సత్తిబాబుగారు అసెంబుల్ చేసిచ్చిన కంప్యూటర్లో ఫోన్లలోంచి ఫోటోలు తీసుకోడానికి పెట్టించిన బ్లూటూత్ కార్డు తెర మీద ఎంతకీ కనిపించలేదు. వెళ్ళి అడిగితే, "ఆడాళ్ళకి ఇయ్యన్నీ తెలీవండీ, మీ ఆయన్ని పంపండి" అన్నారు, కస్టమర్ల ముందే. ఒళ్ళు మండిపోయింది.

కార్డుకి కావాల్సిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేసినా లాభం లేక క్యాబినెట్ నేనే విప్పాను. కార్డు నుంచి మదర్‌బోర్డుకి పెట్టాల్సిన వైరు ఊరికే వేలాడుతోంది. మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం చూసి గుచ్చాను. పనిచేసింది! బ్లూటూత్‌లో అందరికీ ఏ పేరుతో కనపడాలని కంప్యూటర్ అడిగితే, "సత్తిబాబుగారు వైరు పెట్టలేదు" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఆయన షాపులో ఎవరు బ్లూటూత్ వెతికినా ఫోన్లో అదే కనిపించేది.

మూడోరోజు ఆయనే వచ్చేశారు.

"తప్పయిపోయిందండీ, ఆ పేరు తీసెయ్యండి."

"ఆయ్, తీసేస్తానండీ" అన్నాను. నెల తర్వాత తీశాను. పగ మంచిది కాదంటారు గానీ, ఆ నెలంతా నాకు అన్నం ఎంత రుచించిందో!