తంబాకు లేని బీడీలు

ఆ ఏడాది మా తోడికోడలి నిద్ర చూస్తే నాకు కడుపు మండిపోయేది. నా బిడ్డకు ఏడో నెల. పళ్ళు వస్తున్నాయో, పొట్ట నొప్పో, రెండు నెలలుగా నన్ను గంటసేపు కన్ను మూయనివ్వలేదు. పక్క గదిలో ఆమె మాత్రం హాయిగా పడుకుని, పొద్దున్నే కడిగిన ముఖంతో వచ్చి నా ఎదురుగా కూర్చునేది. పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు. నిద్రపోక ఏం చేస్తుంది అనుకునేదాన్ని. పాడు బుద్ధి, ఒప్పుకుంటాను.

ధర్మపురి దారిలో మా ఊళ్ళో ఇంటింటా బీడీలు చుడతారు. ఆమెకు ఆ పని నేర్పింది నేనే. మా వాడలో నా అంత తొందరగా, గట్టిగా చుట్టేవాళ్ళు లేరని పేరు. ఇక నాకు మిగిలింది ఆ పేరొక్కటే అనిపించేది, ఎందుకంటే తల పనిచేయడం మానేసింది. కత్తెర బియ్యం డబ్బాలో దొరికింది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి, పాలు పొంగుతాయని కాచుకుని కూర్చున్నాను. మా బాపు ఫోన్ చేస్తే, కన్నతండ్రి గొంతు పోల్చుకోలేక ఎవరని అడిగాను.

ఒక మధ్యాహ్నం బిడ్డకు నీళ్ళు పోసి వచ్చేసరికి, ఆమె నా చాటలోంచి బీడీల కట్ట తీసి కొంగు కింద పెట్టుకుంటోంది. నావి తనవాటిలో కలుపుకుంటోందనుకున్నాను. దొంగతనానికి దిగావా అని అరిచాను. పిల్లలు లేనిదానివి, ఎవరి కోసం అని కూడా అన్నాను.

ఆమె కొంగు కింది నుంచి కట్ట బయటికి తీసింది. కట్ట విప్పి ఒక బీడీ నా అరచేతిలో పెట్టింది. వేలితో నొక్కితే అణిగిపోయింది. లోపల తంబాకు లేదు. ఇంకోటి విప్పాను, అదీ అంతే. ఉత్త ఆకు చుట్టి దారం కట్టాను. చేతులు అలవాటు కొద్దీ చుట్టుకుంటూ పోయాయి, అప్పుడు నేనెక్కడున్నానో నాకే తెలియదు. నాలుగు రోజులుగా ఆమె అవన్నీ విప్పి, నింపి, మళ్ళీ కడుతోందట, కార్ఖానాలో నా పేరు పోకుండా.

“జర పండుకో అక్కా. బిడ్డను నేను చూస్త,” అంది.

పడుకున్నాను. లేచేసరికి ఎండ గోడ దిగింది. బిడ్డ ఆమె ఒళ్ళో నిద్రపోతోంది, నా దగ్గర ఏనాడూ అలా నిద్రపోలేదు. మెచ్చుకోవాల్సింది పోయి మళ్ళీ కుళ్ళుకున్నాను. నీకేం, ఎప్పుడు కావాలంటే అప్పుడు పడుకుంటావు అన్నాను.

ఆమె బిడ్డ తల మీది నుంచి చెయ్యి తీయలేదు.

“నీ నిద్ర చెడగొట్టెటందుకు ఒకరున్నరు అక్కా. గందుకే నిన్ను జూస్తె నాకు కుళ్ళు.”

బిడ్డ కోసం చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆ సాయంత్రం ఆమె చాట కూడా నేనే ముందేసుకుని, ప్రతి ఆకులో తంబాకు ఉందో లేదో చూసి మరీ చుట్టాను.