అనుమానానికో వరుస

ఈ ఉదయం హెడ్‌సెట్ చెవులకు పెట్టుకోగానే అవతలి మనిషి గొంతు ఇత్తడి బిందెలోంచి వస్తున్నట్టు వినిపించింది. మాటలు తెలుస్తున్నాయి కానీ వాటికి అంచులు లేవు. అన్నీ కలిసి ఒకే మెత్తటి ముద్ద. గది బయట మా దగ్గర కాల్స్ తీసుకునే ప్రియ నిలబడి ఉంది. ఆ హెడ్‌సెట్ ఆమెది. సరిగా వినబడడం లేదని నాకు ఇచ్చి వెళ్లింది. తలుపు అద్దంలోంచి చూశాను. ఆమె నావైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఎక్కడో కింద పడేసి ఉంటుంది, పైకి చెప్పడం లేదు అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే నా చేయి తనంతట తాను తీగ మీదికి వెళ్లింది. ఆ చేతికి ఆ అలవాటు నేర్పిన మనిషి కనకవల్లి మేడమ్. "మొదలు తీగను అనుమానించు. తరువాత దాన్ని గుచ్చిన కన్నాన్ని. తరువాత కంప్యూటర్ని. మనిషి కడకు," అనేది ఆమె. ఆమె గొంతులో ఆ మాట నీతిలా ఉండేది కాదు, పోలీసు స్టేషన్లో ఇచ్చే ఆజ్ఞలా ఉండేది.

ఆమెను ఎరగని వాళ్లకు ఆమె గురించి ముందుగా చెప్పవలసింది ఇదే: ఆమె ఎవరినీ నమ్మేది కాదు. చిన్నమనూరు అనే ఊళ్లో ద్రాక్షతోట ఉన్న ఇంట్లో పుట్టింది. కూలీలు కోసి తెచ్చిన గంపలో పైవరుస గుత్తులు పక్కకు తీసి అడుగున చేయిపెట్టి చూసే తండ్రి పెంపకం. కోయంబత్తూరుకు వచ్చి ఇంజనీరింగ్ చదివి, నీళ్ల పంపులు తయారుచేసే ఒక కంపెనీకి ఫోన్లో జవాబులు చెప్పే కేంద్రాన్ని నడిపింది. ఆ ఊళ్లోనే సింగానల్లూరులో ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది ఆ కేంద్రం. పంపు తిరగక ఆంధ్ర నుంచి రైతులు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడడానికి మనుషులు కావాలి. తరతరాలుగా ఇంట్లో తెలుగు, బయట అరవం మాట్లాడే మాలాంటి వాళ్లు ఆ ఊళ్లో వీధికొకరు దొరుకుతారు. అలా దొరికిన దాన్నే నేను.

దొరికాను అంటే నాకు ఇప్పటికీ నచ్చదు. మా ముత్తాత పెట్టిన నూలు మిల్లు సైరన్ మోగితే సింగానల్లూరులో సగం ఇళ్లలో పొయ్యి వెలిగేదట. నాకు బుద్ధి తెలిసేసరికి సైరన్ ఆగిపోయింది, గేటుకు ఇంకెవరిదో తాళం. మిల్లు ఎందుకు పోయిందని అడిగితే మా నాన్న కరెంటు కోతలు చెప్పేవారు, పత్తి ధర చెప్పేవారు, కూలీల సంఘం, మోసం చేసిన భాగస్వామి, జాతకంలో శని అన్నీ చెప్పేవారు. చెబుతున్నప్పుడు ఆయన వెన్ను నిటారుగా ఉండేది. ఇల్లు కుదించుకున్నాం గానీ ఆ వెన్ను కుదించుకోలేదు. జీతానికి పనికి వెళ్లిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఆ వెన్ను తీసుకునే మేడ మెట్లు ఎక్కాను.

మొదటి రోజే గొడవ. అక్కడ ఒక పూట వాళ్లు దిగితే రెండో పూట వాళ్లు అదే హెడ్‌సెట్ తగిలించుకునేవారు. నోటికి దగ్గరగా ఉండే మైకు మీది స్పాంజి నల్లగా, తడిగా కనిపించింది. ఒకరు తాగిన గ్లాసు కూడా ఇంకొకరు తాకని ఇల్లు మాది. నేను చేయి చాచలేదు.

"ఎంగిలి అని చూస్తా ఉండావా?" అంది మేడమ్.

"నాకు వేరేది కావాలి."

"ఏ ఇంటి అమ్మాయివి నువ్వు?"

చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఓహో, మిల్లు అమ్మణీనా!" అంది. అమ్మణీ అని ఆ ఊళ్లో ఆడపిల్లల్ని ముద్దుగా, మర్యాదగా పిలుస్తారు. ఆమె నోట అందులో రెండూ లేవు. అయినా బీరువా తీసి కొత్త హెడ్‌సెట్ ఒకటి ఇచ్చింది. "ఇది నీదే. ఎవరూ తాకరు. నువ్వూ ఎవరిదీ తాకొద్దు. చెడితే మాత్రం ఎవరి మీద చెప్పేదానికి ఉండదు, చూసుకో."

అది దయ కాదు, వల అనుకున్నాను. నా పక్క సీటులో కూర్చునే స్టెల్లాకు నవ్వు ఆగలేదు. ఆమెది రైలు పట్టాల అవతలి కాలనీలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబం. ఆమె తాత మా మిల్లులోనే పత్తి బేళ్లు మోసేవాడట. "నా చెవి తాకితే నీ చెవికి మైలా, అమ్మణీ?" అంది. మిల్లు పేరు ఆరోజు నుంచి నాకు బిరుదైపోయింది.

పని నేర్పడంలో మాత్రం మేడమ్ దేన్నీ దాచుకోలేదు. పాడైన హెడ్‌సెట్ ఒకటి విప్పి, చెవి గిన్నెలో ఉండే చిన్న స్పీకర్‌ను అరచేతిలో పెట్టింది. ఉల్లిపొర లాంటి పలకకు వెనుక తీగ చుట్ట, అయస్కాంతం. ఈ స్పీకర్‌ను డ్రైవర్ అంటారని, కంప్యూటర్‌లో హెడ్‌సెట్‌ను నడిపించే ప్రోగ్రామ్‌నూ డ్రైవర్ అనే అంటారని, కస్టమర్‌తోనో టెక్నీషియన్‌తోనో మాట్లాడేటప్పుడు ఏది అంటున్నామో ముందే తేల్చుకోవాలని చెప్పింది. గరగర వస్తే తీగ, ఒక చెవిలోనే వస్తే తీగ మొదట్లో తెగుడు, రెండు చెవుల్లోనూ సన్నగా వస్తే సెట్టింగు, బిందెలో మాట్లాడినట్టు ఉంటే చెవికీ స్పీకర్‌కీ మధ్య ఏదో అడ్డం. "ఒక్కసారికి ఒక్కటే మార్చు. రెండు మార్చినావంటే నేరం ఎవరిదో నీకు ఎప్పటికీ తెలియదు," అనేది. నా తెలుగును కూడా అలాగే అనుమానించింది. నా కాల్స్ రికార్డు చేసి నాకే వినిపించేది. "రొంబ సారీ అంటా ఉండావు చూడు. గుంటూరు రైతుకు రొంబ అంటే ఏం తెలుస్తుంది? 'చాలా' అను." నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగు సగం ఆ రికార్డింగుల పుణ్యమే.

నా ఆరు నెలల పరీక్షాకాలం ముగియవస్తున్న సమయంలో ఆయుధపూజ వచ్చింది. కోయంబత్తూరులో ఆరోజు గంధం పడని ఇనుము ఉండదు. లేత్ మెషీన్ నుంచి తూకం రాళ్ల దాకా అన్నిటికీ బొట్టు. మేడమ్ స్నానం చేసి వచ్చి, కంప్యూటర్లన్నీ తుడిపించి, గంధం చిక్కగా కలిపి తన చేత్తోనే వరసగా పెట్టుకుంటూ వెళ్లింది. కంప్యూటర్‌కు ఒకటి, హెడ్‌సెట్ మైకు కొసకు ఒకటి, దాని మీద కుంకుమ. బొరుగులు, శనగల గుగ్గిళ్లు తిని, అందరం సెలవులకు ఇళ్లకు వెళ్లిపోయాం.

తిరిగి వచ్చిన రోజు నా మొదటి కాల్‌లో రైతు "హలో, హలో" అంటూనే ఉన్నాడు. నేను ఆయన వెనుక మేక అరుపుతో సహా వింటున్నాను. "చెప్పండి, వినబడుతోంది" అన్నాను. "ఎవరూ పలకరేందయ్యా" అని తిట్టి పెట్టేశాడు. రెండో కాలూ అంతే. మధ్యాహ్నానికి ఫిర్యాదులు కంపెనీ ఆఫీసుకు చేరాయి. అక్కడి ఆఫీసరు మేడమ్‌కు ఫోన్ చేసి, తెలుగు కాల్స్ తీసుకునే బల్లలో ఒక అమ్మాయి కావాలనే నోరు మూసుకుని కాల్స్ వదిలేస్తోందని, పరీక్షాకాలంలోనే ఇలా ఉంటే సాయంత్రంలోగా పంపించేయమని చెప్పాడు. రికార్డింగులు తీసి చూస్తే నావైపు నిజంగానే నిశ్శబ్దం. ఒక్క మాట లేదు.

మేడమ్ నా వెనుక కుర్చీ వేసుకుని కూర్చుంది. "మ్యూట్ నొక్కుతా ఉండావా?"

"లేదు."

"రైతులతో మాట్లాడేది తక్కువ అనిపిస్తా ఉందా, అమ్మణీ?"

"అలా అనిపిస్తే వచ్చేదాన్ని కాను."

ప్రాధేయపడడం మా ఇంట్లో ఎవరికీ రాదు. కానీ లోపల ఆమె మీదే నా అనుమానం. తెలుగు బల్లకు ఒక్కరు చాలునని, స్టెల్లానో నేనో ఎవరో ఒకరు పోతారని అప్పటికే గుసగుసలు ఉన్నాయి. ఆ హెడ్‌సెట్ ఇచ్చింది ఈమే. సెలవులకు గది తాళం వేసుకున్నదీ ఈమే. మిల్లు భాగస్వామి చేయించుకున్న సంతకాల గురించి మా నాన్న చెప్పిన కథలన్నీ గుర్తొచ్చాయి.

ఆమె మాత్రం తన వరుస తప్పలేదు. తీగ కదిపి చూసింది. కన్నం మార్చింది. సెలవుల్లో కంప్యూటర్ డ్రైవర్‌ను తనంతట తానే కొత్తదిగా మార్చుకుందని కనిపెట్టి, "దొరికినాడు దొంగ" అని దాన్ని తీసేసి పాతది ఎక్కించింది. నేను మాట్లాడాను. నిశ్శబ్దమే. మైకు శబ్దం స్థాయి పెంచింది. నిశ్శబ్దమే. నన్ను వేరే కంప్యూటర్ దగ్గరికి నా హెడ్‌సెట్‌తో పంపింది. అక్కడా అంతే. గడియారం చూసుకుంది.

"ఇంక మిగిలింది ఇదీ, నువ్వూ," అంది హెడ్‌సెట్‌ను చూపిస్తూ. "స్టెల్లాది నువ్వు పెట్టుకో. నీది స్టెల్లా పెట్టుకుంటాది. లేదంటే తప్పు నీదే అని చెప్పేస్తాను. నాకు వేరే దారి లేదు."

స్టెల్లా అప్పటికే తనది తీసి, చున్నీతో స్పాంజి గట్టిగా తుడిచి నావైపు చాచింది. "ఔను, తుడిచినాను. పెట్టుకో అమ్మణీ. ఉద్యోగం పోతే ఎంగిలీ మిగలదు, ఏదీ మిగలదు."

పెట్టుకున్నాను. ఆమె చెవుల వెచ్చదనం అందులో ఇంకా ఉంది. నేను మాట్లాడితే రికార్డింగులో గొంతు గంటలా వినబడింది. నా హెడ్‌సెట్‌లో స్టెల్లా గట్టిగా అరిచినా రికార్డింగులో ఏమీ లేదు. నేరం మనిషిది కాదని అక్కడే తేలిపోయింది. కానీ మేడమ్ ఆగలేదు. నా మైకును ఫోన్ టార్చ్ కింద పెట్టి చూసింది. కుంకుమ రాలిపోయిన చోట గంధం పెచ్చు కట్టి, మైకు కొసన సూదిమొన అంత ఉండే రంధ్రాన్ని పూర్తిగా మూసేసి ఉంది. లోపలికి వెళ్లే కాస్త శబ్దాన్ని, పక్క మోతలు తుడిచేసే ప్రోగ్రామ్ మోతగానే లెక్కగట్టి తుడిచేస్తోంది. అందుకే అవతల అంత నిశ్శబ్దం.

"మావాటికీ పెట్టినారు కదా మేడమ్?" అంది స్టెల్లా.

"మీవాటికి స్పాంజి ఉంది. దాని మీద పడింది. దీనికి స్పాంజి ఏది?"

"పూజకు ముందే ఉతకడానికి తీశాను. ఇంట్లోనే ఉండిపోయింది," అన్నాను.

ఇప్పుడు ఆమె ఏమంటుందో నాకు తెలుసు. స్పాంజి తీసింది నేను. చెడితే ఎవరి మీదా చెప్పడానికి ఉండదని మొదటి రోజే అంది. తప్పించుకోవడానికి ఆమెకు ద్వారం బార్లా తెరిచి ఉంది; మా ఇంట్లో ఎవరైనా ఆ ద్వారంలోంచే వెళ్లేవారు.

మేడమ్ అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి ఆఫీసరుకు ఫోన్ చేసింది. "సార్, ఆ అమ్మాయి మీద తప్పు లేదు. తప్పు నా వేలిది. మైకు కన్నం చూడకుండా గంధం పెట్టింది నేను."

"గంధమా? హెడ్‌సెట్‌కు గంధమేంటమ్మా?" అని ఆయన నవ్వాడు.

"పెట్టినాను సార్. వచ్చే ఏడూ పెడతాను. చోటు మారుస్తాను."

స్పాంజి మాట ఆమె ఎత్తలేదు. కుర్చీలో ముందుకు వంగలేదు, గొంతు తగ్గించలేదు. ఫోన్ పెట్టేసి, గుండుసూదితో గంధం పెచ్చు ఊడదీసి నా చేతిలో పెట్టి, "సుమ్మా, ఊరికే చూస్తా ఉండావేమి? కాల్స్ తీసుకో," అంది.

ఇంటికెళ్లి చెబితే మా నాన్న పడక్కుర్చీలోంచి లేవకుండానే, "ఊరికే ఎవరూ ఒప్పుకోరు. ఆమెకేదో లాభం ఉంటుంది, కనిపెట్టు," అన్నారు. కనిపెట్టడానికి చాలా నెలలు ప్రయత్నించాను. ఆమె బంధువులెవరైనా ఆ బల్లకు వస్తారేమోనని చూశాను. ఆఫీసరు దగ్గర మంచి పేరు కోసమా అని చూశాను. ఆయన ఆ తరువాత ఆమెను గంధం మేడమ్ అని వెక్కిరించడమే తప్ప ఏమీ లేదు. నా ఉద్యోగం ఖాయమైన రోజు కూడా ఆమె ముఖంలో తీపి లేదు. మర్నాడే నా కాల్స్ మళ్లీ విని, రెండు తప్పులు పట్టింది. ఎంత తవ్వినా ఆమె గంపలో అడుగున కూడా పైన ఉన్న పళ్లే ఉన్నాయి. అడుగు దాకా చేయిపెట్టి చూసినందుకు నేను సిగ్గుపడలేదు. ఆమె అయితే చూడకపోతేనే కోప్పడేది.

నాకు అర్థం కావడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది మా ఇంటి సంగతి. మా వాళ్లకు అనుమానం లేక మిల్లు పోలేదు. లోకంలో అందరినీ అనుమానించారు. ఆ వరుసలో తమ చేతిని ఒక్కసారీ నిలబెట్టలేదు, అంతే. నిలబెడితే వెన్ను వంగిపోతుందని భయం. ఆ భయం అబద్ధమని నేను కళ్లారా చూసింది ఒక బట్టల కొట్టు మేడ మీద.

మేడమ్ పని మానేసి చిన్నమనూరు వెళ్లిపోయాక ఆ కుర్చీ నాకు వచ్చింది. ఆయుధపూజకు గంధం ఇప్పుడు నేనే పెడతాను, తలపట్టీ మీద, మైకుకు దూరంగా.

ఈ ఉదయం తీగ బాగానే ఉంది. కన్నం బాగానే ఉంది. కంప్యూటర్, డ్రైవర్ అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ప్రియ అనిపించి తలుపు వైపు మళ్లీ చూశాను. తరువాత నా చేతులను చూసుకున్నాను. నిన్న ఆ హెడ్‌సెట్ చెవి స్పాంజులు మార్చింది నేనే. ఒకటి ఊడదీసి చూస్తే, కొత్త స్పాంజితో పాటు వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొర స్పీకర్ మీద అలాగే అంటుకుని ఉంది. రెండో దానికీ అంతే.

తలుపు తీసి, బల్లల దగ్గర ఉన్నవాళ్లందరికీ వినబడేలా, "ప్రియా, తప్పు నీది కాదు. పొర తీయకుండా స్పాంజి తొడిగింది నేను," అన్నాను. చెబుతున్నప్పుడు వెన్ను వంగలేదు. వంగుతుందేమోనని ప్రతిసారీ ఇంకా అనుమానమే.