నా చెయ్యీ, లెరాయ్ గారి బ్యాండూ

నిన్న సాయంత్రం ఏం ఘనకార్యం చేశానో వినండి. నలభై ఏళ్లుగా పాట మధ్యలో ఒక్కసారి కూడా ఆగని బ్యాండ్‌ని ఆపేశాను. అదీ మూడుసార్లు!

మా పక్కింటి లెరాయ్ గారు ఫంక్, సోల్ అనే అమెరికన్ డాన్స్ పాటల బ్యాండ్‌కి లీడర్. అమెరికాలో మా జార్జియా రాష్ట్రం దాటితే ఆయనెవరో ఎవరికీ తెలీదు. ఇక్కడ మాత్రం పెళ్లిళ్లు, కాలేజీ ఫంక్షన్లు, చర్చి పిక్నిక్‌లు ఆయన లేనిదే జరగవు. డెబ్భై దాటాక కూడా మెరిసే ఊదారంగు కోటేసుకుని స్టెప్పులేస్తుంటే చూడ్డానికే నాకు ఆయాసం వస్తుంది! ఆయన కీబోర్డ్ ప్లేయర్ ఈమధ్యే డల్లాస్ మూవ్ అయిపోయాడు. మా గరాజ్‌లో నా కీబోర్డ్ ప్రాక్టీస్ విని, లెరాయ్ గారు "అల్ఫారెట్టా పార్క్‌లో షో ఉంది, వాయిస్తావా? బాగా చేస్తే ఆ ప్లేస్ నీదే" అన్నారు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న తెలుగువాళ్లందర్నీ పిలిచేశాను. అక్కడే బుక్కయిపోయాను.

ఆయన బ్యాండ్‌కి ఒకటే రూల్. లీడర్ చెయ్యెత్తితే అందరూ కలిసి ఒక్క దెబ్బ కొట్టి టక్కున ఆగాలి.

"నేను పాడుతూ జనంలోకి దిగుతాను. అప్పుడు సైగ ఇచ్చేది కీబోర్డ్ వాళ్లే, వీళ్లంతా నీ చెయ్యే చూస్తారు. పాట చివర్లో ఎత్తు. అంతవరకూ ఎత్తకు" అన్నారు.

"డోంట్ వర్రీ సర్!" అన్నాను.

రెండో పాట మంచి ఊపులో ఉంది. ఆయన స్టేజి కిందకి దిగి ఎవరో బామ్మగారితో డాన్స్ చేస్తున్నారు. సరిగ్గా అప్పుడే మా సుజాతక్క వాళ్లు మడత కుర్చీలు మోసుకుంటూ దిగారు. పాపం, చోటు కోసం దిక్కులు చూస్తున్నారు. నేను ఊరుకుంటానా? "అక్కా, ఇటు ఇటు!" అని చెయ్యెత్తాను.

ధడ్! పాట ఆగిపోయింది.

లెరాయ్ గారు ఒంటికాలి మీద అలాగే ఉండిపోయారు. జనం చప్పట్లు! డ్రమ్మర్ మళ్లీ అందుకున్నాడు. ఈలోగా అక్క దూరం నుంచే "తిన్నావా?" అని సైగ చేసింది. "తర్వాత తింటాలే" అని నేనూ చెయ్యెత్తి తిప్పాను. ధడ్! పాట మళ్లీ మొదలెడుతూ ట్రంపెట్ అతను నన్ను చూసిన చూపుందే... అమ్మో! కంగారులో లెరాయ్ గారికి సారీ చెబుదామని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. రెండు చేతులెత్తితే షో అయిపోయిందని అర్థమట! ఆ ముక్క నాకెవరైనా చెప్పారా? ధడ్ ధడ్ ధడామని వాయించేసి, అందరూ వంగి జనానికి నమస్కారాలు పెట్టేశారు. రెండో పాటకే!

లెరాయ్ గారు పరుగున పైకొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టి, మిగతా షో కీబోర్డ్ లేకుండానే కానిచ్చారు. సుజాతక్క మాత్రం "నువ్వే లీడర్‌వని చెప్పలేదేంటే!" అని ఒకటే మురిసిపోవడం. నాకేమో ఏడుపొక్కటే తక్కువ.

షో అయ్యాక ఆయన నా దగ్గరకొచ్చి పగలబడి నవ్వారు. "వీళ్లు ఇంత చక్కగా కలిసి ఆగడం నేనెప్పుడూ చూళ్లేదు. నిన్ను వదులుకోను. కానీ నీ చేతులు ఖాళీగా ఉంటే ప్రమాదం" అన్నారు.

కాబట్టి, నేనిప్పుడు అఫీషియల్‌గా బ్యాండ్ మెంబర్ని! వచ్చే శనివారం షోకి అందరూ రండి. చెయ్యి ఊపలేదని మాత్రం ఏమీ అనుకోకండి, రెండు చేతుల్తో స్పీకర్ మోస్తూ ఉంటాను.