మా అత్త నోట మామ పేరు

మా మేనత్త పోయింది. నేను ఓర్వకల్లు బస్సులో ఉండగా రాయచోటి నుంచి ఆమె పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. పొద్దున్నే పాలు పోయించుకుని, పొయ్యి వెలిగించి, వాకిట్లో కూర్చున్న మనిషి అట్లే వాలిపోయిందట. "ఎవుర్నీ గ్లాసు నీళ్ళు గూడా అడగలేదప్పా" అన్నారు. అడగదు. ఆమె సంగతి నాకు తెలుసు.

ఆమెకు పిల్లల్లేరు. మా మామ కువైట్‌లో ఒక ఇంగ్లండు కంపెనీకి క్రేన్ నడిపేవాడు. సెలవుకి వచ్చినప్పుడు మా అత్త ఆయన్ని "ఇదిగో" అనే పిలిచేది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని గట్టి నమ్మకం. పైగా మామది దేవుడి పేరు. అందుకని గుళ్ళో కూడా ఆ దేవుణ్ణి "కొండ సామి" అనేది. ఏం చాదస్తమో! "మామ పేరేందత్తా?" అని నేను ఏడిపిస్తే, "నీ నోట్లో మన్నుబొయ్య, నీకు తెలీదా?" అని అట్లకాడ ఎత్తేది. "పెండ్లినాడు గడపకాడ ఆడబిడ్డలు అడ్డం నిలబడి, చెప్తేనే లోపలికి రానిస్తామంటే చెప్పినా. ఆ ఒక్కతూరే" అని నవ్వేది.

మామ పని మానుకుని వచ్చేశాక ఎంతో కాలం బతకలేదు. ఉన్న ఇల్లు ఆయన తమ్ముడితో ఉమ్మడి. అత్తకంటూ మిగిలినవి ఆ కంపెనీ తన పనివాళ్ళకిచ్చిన షేర్లే, అవేమో ఇంగ్లండులో ఉన్నాయి. అవి ఆమె పేరుకు మారితే ఇంట్లో మరిది వాటా కొనుక్కుని తన ఇంట్లో తాను బతకొచ్చు. లేకపోతే మరిది పంచన ఒక మూల. "ఒకరి చేతికింద కూడు తినలేనబ్బీ" అనేసింది.

ఇక్కడి పనులు బాగానే జరిగాయి. వారసత్వ పత్రం కోసం కోర్టులో లాయరు మామ పేరు చదివితే తలూపింది. బ్యాంకులో అడిగితే ఆయన ఆధార్ కార్డు తీసి చూపించింది. మనవాళ్ళకు చెప్పకుండానే అర్థమైంది. ఇంగ్లండు వాళ్ళకెట్లా అర్థమవుతుంది? ఆమె ఆమేనా కాదా అని ఫోన్‌లోనే తేల్చుకుంటామన్నారు. తెలుగు వచ్చిన ఒకామెను మధ్యలో పెట్టి, "మీ భర్తగారి పూర్తి పేరు మీ నోటితో చెప్పండి" అని అడిగించారు.

"కాయితాల్లో ఉండాది, సూసుకోమ్మా" అంది అత్త.

మళ్ళీ అడిగారు. "మా ఇంటాయప్ప" అంది. నేను పక్కనుంచి ఆ పేరు గొణిగాను. ఇంకొకరు అందించకూడదని అక్కడితో ఆపేశారు. ఇంకోసారి చేస్తామని, అప్పుడూ చెప్పకపోతే ఆమె తరఫున వేరే వాళ్ళకు అధికారం రాసివ్వాలని అన్నారు.

ఆ మాట మరిది చెవిన పడింది. మర్నాడే దిగాడు. "నాకు రాసియ్యి వదినా. మా అన్న పేరు చెప్పేదానికి నాకేం అడ్డం?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం ఆయనకు మజ్జిగ ఇచ్చి, "సూస్తాలే నాయనా" అని పంపేసింది.

మళ్ళీ ఫోన్ వచ్చిన రోజు తలకు పోసుకుంది. మామ ఫోటో దగ్గర దీపం పెట్టి, గడపకు ఇవతల కూర్చుంది. అదే ప్రశ్న అడిగారు.  

"ఇంక తగ్గేదానికి ఏముండాదిలే" అంది. ఆ మాట ఫోటోతో అంది. తర్వాత ఇంటిపేరుతో సహా మామ పేరు చెప్పింది, వీధి చివర పోతున్న మనిషిని కేకేసినట్టు గట్టిగా.

ఆ పేరు నేనిక్కడ రాయను. షేర్లు ఆమె పేరుకు వచ్చాయి. ఇల్లు ఆమెదైంది. చివరిదాకా తన పొయ్యి మీద తాను వండుకు తినింది. పండగకి పోతే నాకూ సంగటి కెలికి పెట్టేది, "తినబ్బీ, ఇది నా ఇల్లు" అని.

మొన్న ఆమెను ఆ గడప దాటిస్తుంటే నాకు ఆమె పేరు చెప్పిన ఆనాటి సంగతే కళ్ళముందు మెదిలింది. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు. "అయిపోయిందత్తా" అని ఫోన్ కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు. చెవికి ఆనించుకునే ఉండి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ పేరు మళ్ళీ అంది. ఈసారి మెల్లగా. ఎవరూ అడగలేదు.