ఆఖర్న తినే మనిషి

మంగళవారం సిడ్నీ వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో డ్యూటీ మధ్య టీ తాగుతుంటే ఫిజీ నుంచి మెసేజ్ వచ్చింది. "ఆంటీ, బూబూ పోయింది. గురువారం సమాధి." పంపింది ఆవిడ మనవరాలు. బూబూ అంటే అక్కడి మాటలో అమ్మమ్మ. నాలుగేళ్ళ క్రితం నర్సింగ్ విద్యార్థులుగా ఆ పల్లెకు వాలంటీర్ పనికి వెళ్తే, నన్నూ కీర్తననూ పన్నెండు రోజులు తన ఇంట్లో పెట్టుకున్న మనిషి.

వెళ్దామని సెలవు ఫారం తీశాను. చనిపోయినవారు మీకేమవుతారు అన్న గడి దగ్గర ఆగాను. మా టీమ్ లీడర్ మంచిదే. "ఫ్యామిలీయేనా?" అంది. అవునంటే అబద్ధం. కాదంటే ఇంకా పెద్ద అబద్ధం. గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడికి సెలవు రాలేదు. ఫారాన్ని తిట్టుకున్నాను. తర్వాత నన్ను తిట్టుకున్నాను. రెండోది ఇంకా ఆగలేదు.

యాభై దాటాక యూనివర్సిటీలో చేరినదాన్ని. కీర్తన ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, నా వయసులో సగం లేదు. పొద్దున్న ఊళ్ళో బీపీలు చూసేవాళ్ళం. మధ్యాహ్నం ఇంటికొస్తే బూబూ చాప పరిచి ఉంచేది. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, చేప, కర్రపెండలం. ముందు ప్రార్థన. మొదటిరోజే నా తోబుట్టువుల పేర్లడిగింది. రెండోరోజు నుంచి నలుగురినీ వరసగా దేవుడికి అప్పజెప్పేది. మా ఆఖరి చెల్లెలికి మోకాలు నొప్పి అని ఒకసారి అన్నాను. ఆ మోకాలు కూడా ప్రార్థనలోకి వచ్చేసింది. కూర చల్లారేది.

ఆవిడ మాతో కూర్చుని తినేది కాదు. గుమ్మం పక్కన కూర్చుని, తానల్లిన విసనకర్రతో మా కంచాల మీద ఈగలు తోలుతూ, "కనా, కనా" అనేది. తిను, తిను అని. మేం తినేవాళ్ళం. పెట్టింది పారేయకూడదని పెరిగినవాళ్ళం కదా. "ఐ యామ్ సో ఫుల్, ఆంటీ," అని కీర్తన గొణిగితే, "మిగిలిస్తే ఆవిడ బాధపడుతుంది, కానియ్యి," అని నేనే చివరి ముక్క దాని కంచంలో వేసేదాన్ని. గిన్నెలు కడిగినట్టు తినేవాళ్ళం. అదే మర్యాద అనుకున్నాం.

బయల్దేరే రోజు పొద్దున్న, గిన్నెలైనా తోముదామని వెనక వంటపాకలోకి వెళ్ళాను. బూబూ, మనవరాలు ఉడికిన కర్రపెండలం ఉప్పుతో తింటున్నారు. ఇంకేం లేదు.

"కూరేది?" అన్నాను.

పిల్ల నవ్వింది. "చుట్టాలు తిన్నాక మిగిలిందే మాకు, ఆంటీ. ఇంతకుముందు దిగినవాళ్ళు చేపతల చూసి భయపడేవాళ్ళు. అది మాకొచ్చేది. మీరిద్దరూ తల కూడా వదల్లేదు!"

బూబూ దాని చెంప మీద చిన్నగా తట్టింది. నా మొహం చూసి, "ఏమైంది ఇప్పుడు? నువ్వూ పెద్దదానివేగా. పెద్దది ఆఖర్న తింటుంది," అంది.

నన్ను కోసింది ఆ మాటే. ఐదుగురిలో పెద్దదాన్ని. తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తిని పెరిగాను. ఈ సంగతి ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. పన్నెండు రోజులు, పూట పూటకీ, కళ్ళెదుట జరుగుతుంటే కనబడలేదు.

అక్కడ చుట్టాలు వెళ్ళేముందు కావా అనే పానీయం చేసే వేళ్ళ కట్ట ఒకటి ఇంటివాళ్ళ ముందు పెట్టి, నేల మీద కూర్చుని సెలవడగాలి. ఇంటింటికీ అలా చేయాలనుకున్నాం. కానీ మా కోఆర్డినేటర్, బస్సుకు టైమైందని, ఊరందరినీ హాల్లోకి పిలిచి, ఒకే కట్ట పెట్టి, కాగితం చూసి నాలుగు ముక్కలు చదివేశాడు. అందరూ ఏడుస్తున్నారు. బస్సు హారన్ కొడుతోంది. బస్సెక్కి కిటికీలోంచి నేను అరిచాను, "వచ్చే ఏడు వస్తా బూబూ! నేను వండుతా. నువ్వు ముందు తినాలి!" ఆవిడ నవ్వి, విసనకర్ర కిటికీలోంచి నా ఒళ్ళో పడేసింది.

మరుసటేడు ఆస్పత్రిలో ట్రైనింగ్ ప్లేస్‌మెంట్. ఆపై ఏడు చెల్లెలి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత డ్యూటీ రోస్టర్. ప్రతి క్రిస్మస్‌కీ బూబూ గొంతు వచ్చేది ఫోన్లో. "పెద్దమ్మాయీ, చేపలు సముద్రంలోనే ఉన్నాయి. నువ్వే ఇంకా రాలేదు." వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నాను. ప్రభువు నాకు నాలుగేళ్ళిచ్చాడు. ఒక్క పూట తీయలేకపోయాను. ఇప్పుడు ప్రార్థనలో కూర్చుంటే ముందు నా మీద నాకు విసుగే వస్తోంది. దాన్నే ఆయన ముందు పెడుతున్నాను.

గురువారం డ్యూటీ దిగి స్కోఫీల్డ్స్‌లో మా ఇంట్లోనే చేమాకు, చేప వండాను. కీర్తన వచ్చింది.

"యూ సిట్ టూ, ఆంటీ."

"నువ్వు తిను."

ఎందుకో దానికి తెలుసు. కూర్చుని తింది. తలుపులకు జాలీలున్నాయి, ఇంట్లో ఒక్క ఈగ లేదు. అయినా పక్కన కూర్చుని ఆ విసనకర్ర విసురుతూనే ఉన్నాను. పిల్ల సగం కూర మిగిల్చి, చేపతల జాగ్రత్తగా ఒక పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కుంది.

అది వెళ్ళాక నేను కూర్చున్నాను. చేప చల్లారిపోయింది. గిన్నె పక్కన విసనకర్ర ఊరికే పడి ఉంది.