ముప్పావు గంట ఉలవచారు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా మేనత్త ఇంటి మేడమీద గదిలో ఉన్నవాళ్లు: వీధిలోని పాఠకులు ఎనిమిది మంది, అందరూ ఆడవాళ్లే, నవల రాసిన మా అత్త, నేను. ఉన్న వస్తువులు: ఆ నవల కాపీలు తొమ్మిది, ఒక గిన్నె అన్నం, ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌లో ఉలవచారు, స్టీలు డబ్బాలో వెన్న, పళ్లెం నిండా అప్పడాలు, మూతకు చీలిక పెట్టిన ఒక ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బాలో మడతపెట్టిన కాగితాలు ఎనిమిది.

కాగితాల సంగతి ముందు చెప్పాలి. ఈమధ్య తెలుగులో ఒక రకం అపరాధ పరిశోధన నవలలు వస్తున్నాయి. వాటిలో నెత్తురుండదు, తుపాకీ ఉండదు. చిన్న ఊరు, ఒక దొంగతనం, దాన్ని కనిపెట్టే ఒక మామూలు మనిషి. చివరి పేజీ తర్వాత కథలోని వంటకం ఎలా చెయ్యాలో అచ్చువేస్తారు. అత్త వీధిలో ఆడవాళ్లు రెండేళ్లుగా ఇవి చదువుతున్నారు. వాళ్ల పద్ధతి ఇది. అందరూ చివరి అధ్యాయం ముందు ఆగిపోవాలి. వంతు వచ్చినవాళ్లు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా ఆ వంట చేసి తేవాలి. భోజనానికి ముందే దొంగ ఎవరో కాగితం మీద రాసి డబ్బాలో వెయ్యాలి. తిన్నాక చివరి అధ్యాయం పైకి చదువుతారు. కాగితాలు విప్పి లెక్క చెప్పే పని నాది. నేను మెకానికల్ డిప్లొమా చేసి, కొన్నాళ్లు పంపుల కంపెనీలో నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేసి, ఇప్పుడు మా ఊరు తిరువూరులోనే మామిడి తోటలకు నీళ్ల డ్రిప్ లైన్ల ప్లాన్లు గీస్తున్నాను. పైగా వంట చెయ్యను కాబట్టి నిష్పక్షపాతినని వాళ్ల నమ్మకం.

ఆ రోజు నవల అత్తదే. ఆమెకు యాభై నాలుగేళ్లు. పదో తరగతితో చదువు ఆగింది. మూడేళ్లు పొడుగు నోటుపుస్తకాల్లో రాసింది, నేను టైపు చేశాను, విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త మూడు వందల కాపీలు వేశాడు.

కథ సూటిగా ఉంటుంది. పెళ్లింట్లో ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండున్నరకీ మధ్య కాసులపేరు పోతుంది. పెద్దకోడలు, 'నేను తొమ్మిదింటికి ఉలవలు పొయ్యి మీద పెట్టాను. భోజనాల వేళ దాకా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు' అంటుంది. పన్నెండున్నరకు విస్తట్లో నల్లగా, చిక్కగా చారు పడుతుంది. ఊళ్లో కుట్టుపని చేసుకునే ఒకావిడ ఆ చారు నోట్లో పెట్టుకుని ఆగిపోతుంది. ఉలవలు రాత్రే నానాలి. నానినవి నాలుగు గంటలు ఉడకాలి. వార్చిన కట్టు చింతపండు పులుసుతో ఇంకో రెండు గంటలు సన్నసెగ మీద మరగాలి. తొమ్మిదికి ఎక్కించిన చారు పన్నెండున్నరకు ఇలా ఉండదు. అంటే ఇది నిన్నటి చారు, ఎక్కడో చేసి తెచ్చినది. అంటే పెద్దకోడలు ఆ మూడున్నర గంటలూ ఖాళీగానే ఉంది. నవలలో దొంగను పట్టించేది ఈ ఒక్క లెక్కే. ఇంకో ఆధారం లేదు. అత్త కావాలనే పెట్టలేదు.

భోజనాలయ్యాయి. చారు కుక్కర్‌లో సగం మిగిలిపోయింది. మామూలుగా అయితే రెండోసారి వడ్డించుకునేవాళ్లు. నేను డబ్బా తెరిచి కాగితాలు చదివాను. పెద్దకోడలికి ఐదు, పెళ్లికొడుకు బాబాయికి రెండు, ఫోటోగ్రాఫర్‌కు ఒకటి. చివరి అధ్యాయం ఎదురింటావిడ చదివింది. ఆ రోజు వంట వంతు కూడా ఆమెదే. విస్సన్నపేట ఆడపడుచు, మెయిన్ రోడ్డులో టైలరింగ్ షాపు నడుపుతుంది. చదువుతూ చదువుతూ సగంలో ఆపేసింది.

"అక్కా, ఇదేంటి?" అంది అత్తతో.

"ఏదమ్మా?"

"ఫోటోగ్రాఫర్ అని రాసింది నేనే. ఎందుకు రాశానో చెప్పనా? ముందు నాకూ పెద్దకోడలి మీదే అనుమానం. తీరా చారు చేసి చూశా. పదకొండింటికి కుక్కర్ పెట్టా. ముప్పావు గంటకి దించేశా. ఓహో, తొమ్మిదికి పెడితే పెళ్లి జనమందరికీ పన్నెండున్నరకి అయిపోద్ది, ఆ పిల్ల నిజమే చెప్తుంది, పొయ్యి దగ్గరే ఉండుంటదిలే అని దాని పేరు కొట్టేశా. ఇప్పుడేమో ఆరు గంటలు పడుతుందని మీరే రాశారు!"

"ముప్పావు గంటేంటే? ఉలవచారు ముప్పావు గంటలో ఎవరు చెప్పారు నీకు?"

"మీరే! మీ పుస్తకమే చెప్పింది."

ఆమె చివరి పేజీ తిప్పి చూపించింది. నేనూ వంగి చూశాను. శీర్షిక 'కథలోని ఉలవచారు'. కింద పదకొండు వరుసలు. ఉలవలు గంట నానబెట్టండి, సమయం లేకపోతే అక్కర్లేదు. కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్. సగం ఉలవలు మిక్సీలో వేసి చారులో కలపండి. చిక్కదనానికి రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్. రంగు కోసం కాస్త బెల్లం. మొత్తం సమయం: నలభై ఐదు నిమిషాలు.

అత్త టైపు చేయించి పంపిన వంట ఇది కాదు. అందులో పదహారు వరుసలున్నాయి. మొదటి వరుస 'రాత్రే నానబెట్టుకోవాలి'.

"ఉలవచారులో కార్న్‌ఫ్లోరా!" అంది ఒక పెద్దావిడ. ఆమె పుట్టిల్లు ఎ.కొండూరు వైపు. "మా ఇంట్లో ఎడ్లు ఊరుకునేవి కావు."

అందరూ నవ్వారు. టైలరింగ్ ఆంటీ నవ్వలేదు. "మీకేం పిన్నిగారూ, మీ పుట్టింట్లో ఎడ్లకి ఉలవలు ఉడకేసేవాళ్లు. గింజలు ఎడ్లకి, కట్టు మనుషులకి. మీకు పుట్టుకతోనే తెలుసు. ఆ ఐదుగురూ అట్లాగే రాశారు. నాకు తెలీదు కాబట్టి పుస్తకం చూసి వండా. కష్టపడి వండిన నాకేనా సున్నా? అక్కా, ఏమీ అనుకోకండి, ఇది మోసం."

అత్త పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. తర్వాత దాన్ని మూసి, అందరికీ మజ్జిగ పోసింది. తనది కాని తప్పుకు తన వీధిలో, తన ఇంట్లో, తను మజ్జిగ పోస్తున్నవాళ్ల ముందు మోసగత్తె అనిపించుకుంది.

మర్నాడు పొద్దున్నే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. నాకు కోపం వచ్చినప్పుడు మాట్లాడాల్సినవి అంకెలు వేసి రాసుకుంటాను. ఆ రోజు ఏడు రాసుకున్నాను. రెండోదాని దగ్గరే అతను అడ్డం వచ్చాడు.

"సార్, ఈ రోజుల్లో ఆరు గంటలు పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారండీ? మా డిజైన్ చూసే అమ్మాయి కొంచెం ఈజీ చేసింది. ఇప్పుడన్ని నవలలకీ ఇలాగే చేస్తున్నాం."

"దొంగ దొరికేది ఆ ఆరు గంటల వల్లే కదండీ. మీరు నవల చదివారా?"

"కథ కథే సార్, వంట వంటే. వెనక పేజీ సరదాకి వేస్తాం. దాన్నెవరు వండుతారు?"

వండుతారు. ఎనిమిది మంది తిన్నారు కూడా. ఇంతకుముందు ఈ వీధిలో వండిన నవలలు నాలుగు. ఒకదాని వెనక బొబ్బట్లలో శనగపప్పు రాయడం మరిచిపోయారు. ఇంకొకదాంట్లో కథంతా పనసపొట్టు కూర తింటారు, వెనక మాత్రం కేకు ఉంది. ఓవెన్ ఉన్న ఇల్లు కథలో ఒక్కటీ లేదు. పాఠకుడి నోరూరించి పుస్తకం అమ్ముకోవాలి, ఆ నోట్లోకి వెళ్లేది ఏమిటో మాత్రం ఎవరికీ పట్టదు. వాల్వు కంపెనీ వాడు కాగితం మీద ఒక పీడనం రాసి పెట్టెలో ఇంకొకటి పెడితే రైతు తోట ఎండిపోతుంది. అప్పుడు ఎవరూ 'కాగితం సరదాకి వేశాం' అనరు.

ఇదంతా అతనితో అన్నాను. అతను విని, మర్యాదగానే అన్నాడు: "సార్, ఫైనల్ పీడీఎఫ్ మీకే పంపాను. అన్నీ చూశాను, ఓకే అని మీరే మెసేజ్ పెట్టారు. ఉందండి నా దగ్గర."

ఉంది. నా దగ్గరా ఉంది. ఆ పీడీఎఫ్‌కు నేను తయారు చేసుకున్న తనిఖీ పట్టికలో పద్నాలుగు అంశాలున్నాయి: పేజీ సంఖ్యలు, అధ్యాయాల శీర్షికలు, కొటేషన్ గుర్తులు, విరిగిన ఒత్తులు, అన్నీ. వంట పేజీ లేదు. కథ అయిపోయాక వచ్చేది అలంకారం అనుకున్నాను. అంటే ఆ ప్రచురణకర్త అనుకున్నదే నేనూ అనుకున్నాను. మిగిలిన ఐదు పాయింట్లూ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను.

అత్త అయినా చూడాల్సింది కదా అని మావయ్యతో అన్నాను. తప్పు పంచుకోవడానికి ఇంకో మనిషి దొరుకుతుందేమోనన్న ఆశ.

"ఉలవచారు చెయ్యడం వచ్చినది ఉలవచారు ఎలా చెయ్యాలో చదువుద్దంట్రా?" అన్నాడు మావయ్య. "నీకు సైకిల్ తొక్కడం ఎట్లాగో ఎవడన్నా రాసిస్తే చదువుతావా? రాని నువ్వు చదవలేదు, వచ్చిన అది చదవలేదు. చదివిందల్లా పాపం ఆ ఎదురింటావిడ." మళ్లీ తనే అన్నాడు: "ఇది అట్లా ఉంచు అల్లుడూ. మీ అత్త రెండో నవల నోటుపుస్తకం అటక మీద పడేసింది. నలభై పేజీలు రాసిందిగా, ఇంక రాయనంటుంది."

అడిగితే అత్త కప్పులు కడుగుతూ జవాబు చెప్పింది. "ఎదుటివాళ్లకి అన్నీ ముందే చూపించి, ఆ తర్వాతే కనిపెట్టమనాలి. ఒకటి చూపించి ఇంకోటి నిజమంటే అది కథ కాదు. ఆవిడన్నది నిజమే నాన్నా. నా పుస్తకం ప్రకారం పెద్దకోడలు దొంగ కాదు. నేనే దాని మీద నింద వేశా."

కథలోని మనిషికి జరిగిన అన్యాయానికి ఆమె నిజంగానే బాధపడుతోంది. ప్రచురణకర్త మాత్రం హాయిగా ఉన్నాడు. నాకు మళ్లీ కోపం వచ్చింది.

తర్వాతి ఆదివారం ఆ ఎనిమిది మందినీ నేనే పిలిచాను. ఒకే బస్తాలోని ఉలవలు అరకిలో చొప్పున రెండు పాళ్లు తూచాను. ఒకటి పుస్తకంలో ఉన్నట్టు కుక్కర్‌లో నేనే చేశాను. నా జీవితంలో అది మొదటి వంట. రెండోది అత్త రాత్రే నానబెట్టి, ఉదయం ఆరింటికి పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టింది. ప్రతి అరగంటకూ గిన్నెలో నీటి మట్టం స్కేలుతో కొలిచి రాశాను. అత్త మొదట విసుక్కుంది. ఎనిమిదింటికి, "కొలుచుకో, కొలుచుకో, గరిట మాత్రం పెట్టకు" అంది. పది గంటలకు కట్టు వార్చి, గింజలు గేదెల కుడితిలో కలిపింది. పన్నెండూ పదికి చారు దించింది. ఆరు గంటల పది నిమిషాలు.

రెండూ పక్కపక్కన వడ్డించాం. నాది మట్టిరంగులో జిగురుగా ఉంది. అత్తది గరిట నుంచి నల్లటి తీగలా జారింది. ఎ.కొండూరు పెద్దావిడ నా చారు ఒక చుక్క నాకి, "బాబూ, పోస్టర్లకి బాగా అతుక్కుద్ది" అంది.

టైలరింగ్ ఆంటీ అత్త చారులో వెన్న వేసుకుని రెండుసార్లు కలుపుకుంది. తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది.

"ఒప్పుకుంటా అక్కా. ఇది ముప్పావు గంటలో అయ్యేది కాదు. పెద్దకోడలే దొంగ. కానీ నాకైతే మీరు వండి పెట్టారు. గంపలగూడెంలో ఎవరో ఈ పుస్తకం కొనుక్కుంటారు. వాళ్లకి మీ పెరడు ఎక్కడుంది? వాళ్లు కుక్కరే పెడతారు."

నా అరగంటల పట్టిక చేతిలోనే ఉంది. దాని వల్ల ఈ గదిలోవాళ్లకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. ప్రచురణకర్త రెండో ముద్రణలో మారుస్తానన్నాడు, రెండో ముద్రణ ఉంటే.

"అయితే ఆ పేజీ మీద అతికిద్దాం," అంది అత్త. "రాసుకోరా."

పదహారు వరుసలూ మళ్లీ చెప్పింది. ఈసారి చివర ఒకటి కలిపింది: 'ఇంతకంటే త్వరగా అయితే అది వేరే చారు.' నేను పేజీ కొలతకు రెండు మిల్లీమీటర్లు తగ్గించి మూడు వందల కాగితాలు అచ్చు తీయించాను. జిగురు సీసా, కాగితాలు, ప్రచురణకర్త నుంచి తెప్పించుకున్న కాపీలు వెళ్లిన చోట్ల జాబితా సంచిలో వేసుకుని, డ్రిప్ పని మీద ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో పుస్తకమున్న ఇంటి తలుపు తడుతున్నాను. విస్సన్నపేటలో ఒకాయన, "దొంగ ఎవరో చెప్పకుండా అతికించి పో" అన్నాడు. నెమలి అనే ఊళ్లో ఒకామె అప్పటికే కుక్కర్‌లో చేసేసి, పుస్తకం మీద కోపంతో ఎవరికో ఇచ్చేసింది. ఆ ఎవరో ఎక్కడున్నారో కనుక్కుని వెళ్లాను.

నోటుపుస్తకం అటక మీదే ఉంది. ఎప్పుడు దించుతావని అడిగాను. "నా మాట నమ్మి వండుకునేవాళ్లందరికీ సరైన పేజీ చేరనియ్," అంది అత్త.

అచ్చయినవి మూడు వందలు. ఈ రోజుకు అతికించినవి నూట పదిహేడు.